ఉత్తరాన్ని దక్షిణంగా పరిగణించవలెను

మా జిల్లా పెద్దాసుపత్రిలో ఉత్తరం ఇప్పుడు దక్షిణం వైపు ఉంది. నవ్వులాటకి చెప్పడం లేదు. ఆర్డరు ఉంది. గేటు దగ్గర అద్దాల పెట్టెలో అతికించారు. ఎండకి కాస్త వెలిసింది గానీ ఇంకా చదవచ్చు. ఆ ఎండ ఏ దిక్కు నుంచి పడుతోందని మాత్రం అక్కడ నిలబడి అడగకూడదు. అది కూడా ఆ ఆర్డరులోనే ఉంది.

ఆ ఆసుపత్రితో నాకు పని పడింది మా బావమరిది వల్ల. పేరు తవిటినాయుడు. వృత్తి మైకు సెట్టు. చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ, అమ్మవారి పండగలకీ, ఎలక్షన్లకీ అతని కొమ్ము మైకులే కట్టేవారు. పొద్దున్న మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా ఆపేవాడు కాదు. తప్పిపోయిన పిల్లల పేర్లు, చందాలిచ్చిన వాళ్ళ పేర్లు, ఇవ్వని వాళ్ళ పేర్లు, అన్నీ అతని నోటి మీదే. అలవాటు పడిపోయి ఇంట్లో అన్నం పెట్టమనడానికి కూడా "హలో" అనే మొదలుపెట్టేవాడు.

రెండేళ్ళ కిందట ఒక పండగలో మైకు కట్టి, స్విచ్చి వేసి, దాని ముందు కూర్చుని నోరు తెరవలేదు. ఊరంతా గరగర శబ్దం విన్నారు. మైకు పాడైందనుకున్నారు. పాడైంది మైకు కాదు. ఆ తరవాత తిండి తగ్గింది, నిద్ర పోయింది, మాట పోయింది. కొన్నాళ్ళకి పెళ్ళాం పుట్టింటికి వెళ్ళింది. నేను అతన్ని నా ఇంటికి తెచ్చుకున్నాను.

తెచ్చుకోవడానికి కారణం మా ఆవిడ. ఆమె అంతకు ముందే పోయింది. పోయింది ఈ పెద్దాసుపత్రిలోనే. మంచాలు ఖాళీ లేక ఆడవాళ్ళ వార్డులో రెండు మంచాల మధ్య నేల మీద చాప వేయించారు. ఆ చాప మీద నాతో చెప్పింది ఒకటే: "మా తమ్ముడు మెతక. ఆడ్ని ఒదిలీకు."

వదలలేదు. ఇద్దరు మగాళ్ళం ఒక ఇంట్లో ఉన్నాం. వంట నేనే. అతను పెట్టింది తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఒకరోజు పెరట్లో నూతి గట్టు మీద కూర్చుని లోపలికి చూస్తున్నాడు.

"ఏటి సూత్తున్నావు?" అన్నాను.

"నీళ్ళు" అన్నాడు.

ఆ నెలలో అతను అన్నది ఆ ఒక్క మాటే. నూతి మీద రేకు కప్పి, దాని మీద రుబ్బురోలు పొత్రం పెట్టాను. మర్నాడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను.

అక్కడ మనసు జబ్బుల డాక్టరు యశోధర. చిన్న వయసు. వేరే డాక్టర్లలా చీటీ రాస్తూ మాట్లాడదు. మాట్లాడాక రాస్తుంది. ఒక మందు ఇచ్చింది. పని చెయ్యలేదు. మార్చింది. అదీ చెయ్యలేదు. మోతాదు పెంచి చూసింది, జతగా ఇంకోటి కలిపి చూసింది. తవిటినాయుడు కదల్లేదు.

"కొందరికి మందులు పట్టవు. అది వాళ్ళ తప్పు కాదు" అంది. "ఇలాంటి వాళ్ళ కోసమే ఒక మిషను వస్తోంది. అయస్కాంతంతో పనిచేస్తుంది. నుదుటికి పైన, ఎడమ పక్క, ఒక పలక ఆనిస్తాం. టకటకమని కొట్టుకుంటుంది. మెదడులో మందగించిన చోటుని అది తట్టి లేపుతుంది. షాకు కాదు, మత్తు ఇవ్వం. మెలకువగానే కూర్చుంటాడు. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు తేవాలి."

"తగ్గుతాదా అమ్మా?"

"అందరికీ తగ్గదు. చాలామందికి తగ్గుతుంది."

ఆ ఆసుపత్రిలో తనకి తెలియనిదాన్ని తెలియదన్నట్టే చెప్పిన మొదటి మనిషి ఆమె. సరే అన్నాను.

మిషను వచ్చింది. పొడుగాటి వరండాకి ఉత్తరం చివరనున్న గదిలో బిగించారు. కంపెనీ వాళ్ళు కుర్చీని నేలకి బోల్టులతో దిగ్గొట్టి వెళ్ళారు. మొదటి రోగి తవిటినాయుడే. తలంటు పోసి తీసుకెళ్ళాను. టెక్నీషియను జిలానీ అతని వేలికున్న ఉంగరం, మొలతాడుకున్న తాళంచెవి తీయించాడు. తలలో ఇనుప ముక్కలేమైనా ఉన్నాయా అని అడిగాడు. లేవన్నాను.

కొబ్బరికాయ కొట్టడానికి సూపరింటెండెంటు డాక్టర్ కామేశం గారు వచ్చారు. ఆయన ఎముకల డాక్టరు. వెనకే ఆఫీసు పెద్ద గౌరీపతి గారు పళ్ళెంలో పసుపు, కుంకుమ, నిమ్మకాయలు పట్టుకొచ్చారు. మిషనుకి బొట్టు పెట్టారు. కొత్త మిషను నిమ్మకాయల్ని తొక్కాలి. దీనికి చక్రాలు లేవు. గౌరీపతి గారు కాసేపు ఆలోచించి బయట ఉన్న స్ట్రెచరుని పిలిపించారు.

"దీని బదులు అది తొక్కినట్టు పరిగణించవచ్చు సార్" అన్నారు.

స్ట్రెచరు నిమ్మకాయల్ని తొక్కింది. ఆ పూట నాకు నవ్వొచ్చింది. ఆ 'పరిగణించవచ్చు' అన్న మాటని అప్పుడే అనుమానించాల్సింది.

తవిటినాయుడిని కూర్చోబెట్టి కుర్చీ వెనక్కి వాల్చారు. కొబ్బరికాయతో కామేశం గారి చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"ఇతని తల ఎటుంది?"

"పలక కింద ఉంది సార్" అంది డాక్టరమ్మ.

"దిక్కు అడుగుతున్నాను."

జిలానీ కిటికీలోంచి చూసి చెప్పాడు. "ఉత్తరం సార్."

కామేశం గారు కొబ్బరికాయ పళ్ళెంలో పెట్టేశారు. "ఉత్తరానికి తల పెట్టి పడుకోకూడదని మా నాయనమ్మ చెప్పేది. ఎందుకు చెప్పేది? భూమి ఒక మహా అయస్కాంతం. ఉత్తర ధ్రువం మెదడులో రక్తాన్ని లాగుతుంది. ఉత్త మంచం మీదే అంత ప్రమాదమైతే, నెత్తికి ఇంకో అయస్కాంతం ఆనించి పడుకోబెడతారా? రెండూ కలిసి లాగితే మనిషి ఏమవుతాడు? బాధ్యత ఎవరిది?"

"సార్, ఈ పలక ముందు భూమి అయస్కాంతం ఎంత. మన వార్డులో మంచాలన్నీ ఎప్పటినుంచో ఉత్తరానికే ఉన్నాయి. ఆక్సిజను గొట్టాలు ఆ గోడకే ఉన్నాయి కదా."

అది డాక్టరమ్మ చేసిన తప్పు. ఆయనకి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

ఆ సాయంత్రానికల్లా వార్డులో మంచాలన్నీ తిప్పేశారు. రోగుల తలలు దక్షిణానికి వచ్చాయి. ఆక్సిజను గొట్టాలు కాళ్ళ దగ్గరికి వచ్చాయి. ఆయాసంతో ఉన్న ఒక ముసలాయన, ఆక్సిజను గొట్టం అందక, మంచం మీద తిరగబడి పడుకున్నాడు. నర్సు వచ్చి అతన్ని సరిగ్గా పడుకోబెట్టింది. ఆమె వెళ్ళగానే మళ్ళీ తిరగబడ్డాడు. అతనికి బతకాలని ఉంది.

మిషను గదికి తాళం వేశారు. ఒక కమిటీ వేశారు. దాని పేరు దిశా నిర్ధారణ కమిటీ. అధ్యక్షులు కామేశం గారు. సభ్యులు గౌరీపతి గారు, భవనాల ఇంజినీరు గారు, వాస్తు సలహాదారు విశ్వేశ్వరం గారు. రోగుల తరఫున ఒకరు ఉండాలని రూలు. బయట బల్ల మీద నేను కూర్చుని ఉన్నాను. లోపలికి పిలిచారు. డాక్టరమ్మని పిలవలేదు. ఆమె మిషను అడిగిన మనిషి కాబట్టి నిష్పక్షపాతంగా ఉండదట.

"కుర్చీ తిప్పెయ్యండి బాబూ. నాలుగు బోల్టులే కదా" అన్నాను.

ఇంజినీరు గారు నాకేసి జాలిగా చూశారు. "బోల్టు విప్పితే కంపెనీ పూచీ పోతుంది. నేల పగులుతుంది. పగిలిన నేలకి అంచనా వెయ్యాలి, అంచనాకి మంజూరు రావాలి, మంజూరుకి టెండరు పిలవాలి. ఈ ఆర్థిక సంవత్సరంలో సాధ్యం కాదు. వచ్చే సంవత్సరంలో కూడా కాదని నా వ్యక్తిగత అభిప్రాయం."

"పోనీ, కుర్చీ వాల్చకుండా నిటారుగా కూర్చోబెడితే?"

విశ్వేశ్వరం గారు తల అడ్డంగా ఊపారు. "అప్పుడు ముఖం దక్షిణానికి ఉంటుంది. దక్షిణం యముడిది. రోగి ఆరు వారాల పాటు రోజూ యముణ్ణి చూస్తూ కూర్చుంటాడు. దిగులు పోతుందా?"

కామేశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నన్ను అడిగారు. "మీ ఇంట్లో తల ఎటు పెట్టుకుంటారు?"

"మా ఇంట్లో సంగతి కాదు బాబూ. ఇక్కడి సంగతి సెప్తాను. మా ఆవిడకి మీ వార్డులో నేల మీద సాప ఏసినారు. అక్కడే పోయింది. అప్పుడు తల ఎటుందో ఎవులూ అడగలేదు. నేల ఏ దిక్కు బాబూ?"

విశ్వేశ్వరం గారు సలహాదారు కాబట్టి జవాబు ఆయనే చెప్పారు.

"కింద అనేది అధో దిక్కు. శాస్త్రంలో ఉంది."

"ఉంది గానీ అది ఈ కమిటీ పరిధిలోకి రాదు" అన్నారు కామేశం గారు. గౌరీపతి గారు అది రాసుకున్నారు. బిస్కెట్లు వచ్చాయి.

టీ తాగాక దారి చూపించింది గౌరీపతి గారే. "సార్, కుర్చీ కదలదు. తల కుర్చీని విడిచి ఉండదు. ఇక మిగిలింది దిక్కు. దానికి బోల్టులు లేవు. పోయిన ఏడాది పింఛను విషయంలో బతికున్న మనిషిని చనిపోయినట్టు పరిగణించాం. ఆయన స్వయంగా వచ్చి నిలబడినా ఫైలు నిలబడింది. మనిషినే పరిగణించగా లేనిది, ఒక దిక్కుని పరిగణించలేమా?"

కామేశం గారు లేచి ఆయన చెయ్యి పట్టుకున్నారు.

ఆర్డరు ఇలా వచ్చింది: "రోగుల ప్రాణరక్షణ దృష్ట్యా, అయస్కాంత చికిత్స గది యందు ఉత్తరాన్ని దక్షిణంగానూ, దక్షిణాన్ని ఉత్తరంగానూ పరిగణించవలెను. తూర్పు పడమరలు తదనుగుణంగా సర్దుకొనవలెను. ఇది తక్షణమే అమలులోకి వచ్చును."

నేనూ సంతకం పెట్టాను. ఎటు తిరిగితేనేం, తవిటినాయుడు కుర్చీ ఎక్కితే చాలనుకున్నాను.

అతన్ని మళ్ళీ తీసుకెళ్ళాను. గదికి తాళం అలాగే ఉంది. కొత్త చిక్కు వచ్చిందన్నారు. గదిలో ఉత్తరం మారింది గానీ వరండాలో మారలేదు. రోగి గదిలోంచి ఉత్తరంగా నడిచి గడప దాటితే దక్షిణంగా నడుస్తున్నాడు. గడప మీద నిలబడ్డవాడు ఎటు పోతున్నట్టు? ఆడిటు వాళ్ళు అడిగితే ఏం చెప్పాలి? అందుకని ఆర్డరుని మొత్తం ఆసుపత్రికి వర్తింపజేశారు.

అప్పుడు వార్డులో మంచాలు చూసుకున్నారు. కొత్త లెక్కన తలలన్నీ ఉత్తరానికి ఉన్నాయి. మళ్ళీ తిప్పారు. ఎక్కడివి అక్కడికి వచ్చాయి. ఆక్సిజను గొట్టాలు ముక్కుల దగ్గరికి వచ్చాయి. తిరగబడి పడుకునే ముసలాయన ఆ రోజు సరిగ్గా పడుకున్నాడు. ఆ నెల ఆసుపత్రిలో జరిగిన మంచి పని అదొక్కటే.

సూర్యుడి విషయంలో అనుబంధం వేశారు. "ఆసుపత్రి ఆవరణలో సూర్యోదయం ఎటు కనిపించినప్పటికీ, తూర్పుననే జరిగినట్లు సిబ్బంది గ్రహించవలెను." పొద్దున్నే సిబ్బందికి యోగా చేయించేవారు. ఇప్పుడు సూర్యుడికి వీపు పెట్టి, సైకిల్ స్టాండు గోడకి నమస్కారాలు చేస్తున్నారు. అంబులెన్సు డ్రైవర్లకి ఉత్తరం గేటుకి రమ్మని ఫోను చేస్తే సగం మంది పాత గేటుకి, సగం మంది కొత్త గేటుకి వస్తున్నారు. కాలు విరిగిన మనిషిని తెచ్చిన వాళ్ళు రెండు గేట్లకీ మధ్య మోసుకుని తిరుగుతున్నారు. సెల్‌ఫోనులో దిక్కులు చూపించే బొమ్మని తీసేయమని సర్క్యులరు వచ్చింది.

జిలానీ మధ్యాహ్నం నమాజు చేసుకుంటాడు. అతను గౌరీపతి గారి దగ్గరికి వెళ్ళాడు.

"సార్, మీరు ఏ దిక్కైనా తీసుకోండి. నా పడమర మాత్రం నాకు ఒదిలెయ్యండి."

"వ్యక్తిగత అవసరాలకి పాత పడమర వాడుకోవచ్చు" అని రాసిచ్చారు. "అయితే విధి నిర్వహణలో వాడరాదు."

అన్నిటికన్నా పెద్ద మార్పు విశ్వేశ్వరం గారి వల్ల వచ్చింది. కొత్త లెక్కల ప్రకారం కామేశం గారి గది దక్షిణంలో, అంటే యముడి చోట పడింది. ఆవరణకి ఆ చివరనున్న మార్చురీ ఉత్తరంలో, అంటే కుబేరుడి చోట పడింది. శవాలకి కుబేర స్థానం, అధికారికి యమ స్థానం ఉండటం సంస్థకి మంచిది కాదన్నారు. రెండూ మార్చేశారు. కామేశం గారు బల్ల, కుర్చీ, జెండా పట్టుకుని మార్చురీలోకి వెళ్ళారు. శవాలు ఏసీ గదిలోకి వచ్చాయి. ఆ ఆసుపత్రిలో బతికున్న రోగులకి ఎప్పుడూ ఏసీ దొరకలేదు.

తవిటినాయుడు మాత్రం అలాగే ఉన్నాడు. రోజూ అతన్ని తీసుకెళ్ళి తాళం చూపించి తీసుకొస్తున్నాను. ఒకరోజు ఇంటికొచ్చేసరికి నూతి మీద పొత్రం పక్కకి జరిగి ఉంది. పక్కింటి వాళ్ళ పొత్రం కూడా అడిగి తెచ్చి దాని మీద పెట్టాను. మర్నాడు డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాను.

"అమ్మా, ఇంకెన్నాళ్ళో నాకు తెలీదు. రాళ్ళు అయిపోతన్నాయి."

ఆమెకి నూతి సంగతి తెలుసు. తవిటినాయుణ్ణి పక్క గదిలోకి తీసుకెళ్ళి చాలాసేపు మాట్లాడింది. మందు మార్చింది. అతన్ని ఒంటరిగా వదలద్దని నాకు చెప్పింది. తరవాత గౌరీపతి గారి దగ్గరికి వెళ్ళింది. నేనూ వెనక వెళ్ళాను.

"ప్రారంభోత్సవం కాకుండా అయస్కాంత చికిత్స గదిలో ఎవరినీ కూర్చోబెట్టరాదమ్మా. దానికి మంత్రి గారు రావాలి, ఆ పెద్దాయన తేదీ ఇవ్వాలి" అన్నారు గౌరీపతి గారు. ఆయన అప్పుడు బోర్డులు మార్పిస్తూ హడావిడిగా ఉన్నారు. "రిజిస్టరులో అయస్కాంత చికిత్స గది అంటే వరండా ఉత్తరం చివరి గది. ఉత్తరం మారింది. కాబట్టి బోర్డు కూడా ఈ చివరికి రావాలి. ఈ చివరనున్న మురికి బట్టల గది బోర్డు ఆ చివరికి పోవాలి."

"మిషను ఆ చివరే ఉంది కదా సార్?"

"యంత్రం ఎక్కడుందన్నది సాంకేతిక విషయం. గది ఎక్కడుందన్నది పరిపాలనా విషయం. రెండూ కలపకండి."

డాక్టరమ్మ కాసేపు ఆలోచించింది. "సార్, మురికి బట్టల గది తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"దానికి తాళం ఎందుకమ్మా? ఎవరు ఎత్తుకుపోతారు?" అన్నారు. ఆ బోర్డు తగిలించిన మిషను గదికి తాళం తీయించేశారు.

మర్నాటి నుంచి తవిటినాయుడికి మురికి బట్టల గదిలో వైద్యం మొదలైంది. మురికి బట్టల గదిలో కూర్చోకూడదని ఎక్కడా లేదు. డాక్టరమ్మ పలక ఆనించేది, జిలానీ మీట నొక్కేవాడు. మిషను వడ్రంగి పిట్టలా కొట్టుకునేది. ఆగేది, మళ్ళీ కొట్టుకునేది. తవిటినాయుడు కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ ఉండేవాడు. తల ఉత్తరానికి ఉంది. అసలు ఉత్తరానికి. ఏ రక్తమూ ఎటూ పోలేదు.

మొదటి వారం ఏమీ లేదు. రెండో వారం నిద్రపోయాడు. పగలు నిద్రపోయి లేచి, ఏదో తప్పు చేసినవాడిలా నాకేసి చూశాడు. ఆ తరవాత ఒకరోజు అన్నం కలుపుకుంటూ ముద్ద ఆపాడు.

"బావా, పులుసులో ఉప్పు నేదు."

నేను నాలుగేళ్ళ నుంచి వండుతున్నాను. ఉప్పు లేదని చెప్పిన మనిషి లేదు. లేచి ఉప్పు డబ్బా తెచ్చి అతని ముందు పెట్టాను.

"నీకు ఒండడం ఒచ్చేదాకా ఇంతే. ఏసుకో" అన్నాను.

"అక్క ఇలాగనీది కాదు."

"మీ అక్క ఉప్పేసీది."

మరి రెండు రోజులకి అటక మీంచి ఏదో చప్పుడు వినిపించింది. కొమ్ము మైకుల దుమ్ము దులుపుతున్నాడు. ఒకదాంట్లో ఎలుక కాపురం పెట్టింది. దాన్ని తిట్టాడు. పూర్తి వాక్యాలలో తిట్టాడు. నేను గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నాను.

సగం వైద్యం అయింది. అప్పుడు పెద్దాయన తేదీ ఇచ్చారు.

డాక్టరమ్మ మా ఇద్దర్నీ కూర్చోబెట్టింది. "ప్రారంభోత్సవం అయితే మిషను కోసం అందరూ వస్తారు. ఎక్కడుందో తెలుస్తుంది. అనుమతి లేకుండా వాడామని మళ్ళీ తాళం వేస్తారు. మధ్యలో ఆపితే ఇతను వెనక్కి పోవచ్చు."

"అయితే ఆడ్ని ఆ రోజు ఇంటికాడే ఉంచుతాను. ఎవులికీ కనబడకుండా."

"కుదరదు బావా" అన్నాడు తవిటినాయుడు. "ఆ రోజు మైకు సెట్టు మనదే. గౌరీపతి బాబుకాడ బేరం కుదిర్చీసినాను."

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. కొత్త బోర్డున్న గది, అంటే పాత మురికి బట్టల గది ముందు రిబ్బను కట్టారు. లోపల మాసిన బట్టల మూటల మీద కొత్త దుప్పట్లు కప్పారు. ఖాళీగా ఉంటే బాగుండదని ఒక చక్రాల కుర్చీ తెచ్చి, దాని తలకాయ మీదకి టేబుల్ ఫ్యాను వంచి పెట్టారు. దాన్ని నమూనా అన్నారు. పెద్దాయన రిబ్బను కత్తిరించి అందులో కూర్చున్నారు. ఫ్యాను వేశారు. కాసేపటికి ఆయన మనసు తేలికైందన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. డాక్టరమ్మ కూడా కొట్టింది.

తరవాత షామియానా కింద సభ. కామేశం గారు మాట్లాడారు. "మన పూర్వీకుల విజ్ఞానానికీ ఆధునిక వైద్యానికీ వంతెన వేసిన ఘనత ఈ ఆసుపత్రిది. తల దక్షిణానికి ఉంచి అయస్కాంత చికిత్స చేసే ఏకైక కేంద్రం మనదే."

పెద్దాయన తల ఊపారు. "బాగుంది. ఎవరైనా బాగుపడ్డారా? ఒక్కరు వచ్చి చెబితే పేపరులో వేయిద్దాం."

కామేశం గారు గౌరీపతి గారిని చూశారు. గౌరీపతి గారు ఫైలు చూసుకున్నారు. లెక్క ప్రకారం అప్పటిదాకా ఎవరూ కుర్చీ ఎక్కలేదు. డాక్టరమ్మ చెప్పుల కేసి చూస్తూ కూర్చుంది. నేను తవిటినాయుడికి చెయ్యి ఊపి కూర్చోమన్నాను. అతను అప్పటికే లేచాడు. రెండేళ్ళుగా మైకు ముందుకి రాని మనిషి. వచ్చి దాన్ని వేలితో తట్టాడు.

"హలో. హలో. మైక్ టెస్టింగ్."

కొమ్ము మైకులు ఆసుపత్రి గోడల మీద, గేట్ల మీద, బజారు స్తంభాల మీద ఉన్నాయి. ఊరంతా విన్నారు.

"బాబూ, నాను తవిటినాయుడ్ని. నాకు మందులు పట్టనేదు. మిసను పట్టింది. ఇంకా సగముంది. అయితే మిసనున్నది ఈ గదిలో కాదు. ఈడ మురికి బట్టలున్నాయి. మిసను ఆ సివర గదిలో ఉంది. నా తల ఉత్తరానికే ఎట్టినారు. నాకేటీ అవనేదు."

బజారులో ఎవడో ఈల వేశాడు.

నాకు నూతి మీద రెండు పొత్రాలూ కళ్ళ ముందు కనిపించాయి. గౌరీపతి గారు మెల్లగా లేచి తవిటినాయుడి దగ్గరికి వెళ్ళారు. కోపం లేదు. చాలా మృదువుగా అడిగారు.

"బాబూ, ఉత్తరం ఎటో చూపించు."

తవిటినాయుడు చూపించాడు. సరిగ్గా చూపించాడు.

గౌరీపతి గారు పెద్దాయన వైపు తిరిగి చేతులు నలిపారు. "చూశారుగా సార్. పాపం. దిక్కులు కూడా గుర్తుపట్టలేని స్థితి."

కామేశం గారి ముఖంలోకి రక్తం వచ్చింది. "అవును సార్. ఉత్తర్వులు అమలులో ఉండగానే ఉత్తరాన్ని ఉత్తరం అంటున్నాడు. జబ్బు అంత ముదిరింది."

పెద్దాయనకి కళ్ళు చెమర్చాయి. తవిటినాయుడి భుజం మీద చెయ్యి వేశారు. "ఇలాంటి అభాగ్యుల కోసమే కదా మనం ఇంత చేస్తున్నాం. ఇతనికి పూర్తిగా నయమయ్యేదాకా చికిత్స ఆపకండి. నా మాటగా రాసుకోండి."

రాసుకున్నారు. ఆ కాగితం మీద సంతకం కోసం నేను మార్చురీకి వెళ్ళాను. కామేశం గారు రాతి బల్ల వెనక శాలువా కప్పుకుని కూర్చున్నారు. అందులో ఇలా ఉంది: "సదరు రోగి ఉత్తరాన్ని ఇంకనూ ఉత్తరముగానే గుర్తించుచున్నందున, దక్షిణముగా గుర్తించునంత వరకు అయస్కాంత చికిత్స కొనసాగించవలెను."

డాక్టరమ్మ ఆ కాగితం చదివి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. తరవాత నవ్వింది. ఆమె నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం. "ఇతనికి మిగిలిన సగం చాలు. కానీ ఎప్పుడైనా మళ్ళీ దిగులు వస్తే, మళ్ళీ అనుమతి అడగక్కర్లేదు" అంది.

మిగిలిన సగం కూడా అయింది. తవిటినాయుడు పూర్తిగా పాత మనిషి కాలేదు. కొన్ని రోజులు పొద్దున్నే లేవడు. కానీ లేచిన రోజు మైకు కడుతున్నాడు. పెళ్ళాం ఒకసారి వచ్చి చూసి వెళ్ళింది. మళ్ళీ వస్తానంది. నూతి మీద రేకు తీశాను. పక్కింటి వాళ్ళ పొత్రం వాళ్ళకి ఇచ్చేశాను.

డాక్టరమ్మ దగ్గరికి అలాంటి వాళ్ళు ఇంకా వస్తున్నారు. మందులు పట్టని వాళ్ళు, మాట పోయిన వాళ్ళు, మంచం దిగని వాళ్ళు. ఆమె వాళ్ళకి ఒకటే చెబుతుంది. "మార్చురీకి వెళ్ళండి. ఉత్తరం ఎటు అని అడుగుతారు. మీకు తెలిసింది చెప్పండి."

నిజం చెప్పిన వాళ్ళందరికీ చీటీ రాసేస్తున్నారు. మార్చురీ ముందు వరస పెరిగింది. జిల్లాలో జబ్బు ఇంతగా పాకిందా అని కామేశం గారు ఆశ్చర్యపోతున్నారట. రెండో మిషను కావాలని పైకి రాశారు.

పోయిన వారం తవిటినాయుడితో పాటు వెళ్ళి నేనూ ఆ వరసలో నిలబడ్డాను. అతని చీటీ పునరుద్ధరించాలన్నారు. అతను చెయ్యి చాపి చూపించాడు. రాసేశారు. కామేశం గారు తల ఎత్తి నన్ను చూశారు.

"మీ ముఖంలో ఎప్పుడూ నవ్వు లేదు. మీరూ చూపించండి. ఉత్తరం ఎటు?"

నేను నేల చూపించాను.

ఆయన చాలాసేపు నా వేలినీ, నేలనీ చూశారు. కమిటీ కాగితాలు తెప్పించి తిరగేశారు. అది పరిధిలోకి రాదన్నారు. నాకు చీటీ రాయలేదు.